పేదింటి పిల్లల చదువు ఎక్కడ ఆగుతుంది, ఆగకుండా ఏం చేయొచ్చు: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు రాష్ట్రాల్లో కూలి ఇళ్ల పిల్లలు, వలస కుటుంబాల పిల్లలు, గూడేల పిల్లలు, ఇంట్లో అందరికంటే ముందు కాలేజీ మెట్లెక్కినవాళ్లు పడే ఇబ్బందుల గురించి తల్లిదండ్రులు, టీచర్లు, విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్నలివి. వీటిలో చాలావాటికి జవాబు చట్టంలోనే ఉంది. కానీ ఆఫీసులో కాగితం పట్టుకుని నిలబడ్డ తల్లికి ఆ సంగతి ఎవరూ చెప్పరు. అందుకే కొన్నిచోట్ల కాస్త ఎక్కువగానే రాశాను.

బడి ఉచితం, పుస్తకాలు ఉచితం, మధ్యాహ్నం అన్నం కూడా పెడుతున్నారు. అయినా పిల్లలు ఎందుకు మానేస్తున్నారు?

ఏ పిల్లా ఒక్కరోజులో బడి మానేయదు. మొదట వారానికి ఒకరోజు రాదు, చిన్న తమ్ముడిని చూసుకోవాలి. తర్వాత పత్తి తీసే రోజుల్లో వరసగా రాదు. తిరిగొచ్చేసరికి లెక్కల్లో పాఠాలు దాటిపోయి ఉంటాయి. అర్థం కాలేదని అడగడానికి సిగ్గు, అడిగితే "ఇన్నాళ్లు ఎక్కడికి పోయావ్?" అన్న మాట. ఆ మాట పడలేక ఇంకో నాలుగు రోజులు రాదు. రిజిస్టరులో పేరు మాత్రం అలాగే ఉంటుంది. ఇదంతా ఏడాది, రెండేళ్లు నడుస్తుంది. ఎవరైనా గమనించేసరికి పిల్ల పనిలో కుదురుకుని ఉంటుంది, లేదా పెళ్లి కుదిరి ఉంటుంది.

ఎక్కడ ఎక్కువగా జారిపోతున్నారో ప్రభుత్వ లెక్కలే చూపిస్తాయి. 2021-22లో దేశం మొత్తం మీద ప్రాథమిక స్థాయిలో బడి మానేసినవారు 1.5 శాతం, ప్రాథమికోన్నత స్థాయిలో 3 శాతం. తొమ్మిది, పది తరగతులకు వచ్చేసరికి అది 12.6 శాతానికి ఎగబాకింది. ఎనిమిదో తరగతి దాటాక ఏం మారుతుంది? విద్యాహక్కు చట్టం ఇచ్చే రక్షణ 14 ఏళ్లతో ఆగిపోతుంది. ఊళ్లో ఉన్న బడి అయిపోయి దూరంగా ఉన్న హైస్కూలుకు నడవాలి, లేదా ఆటో ఎక్కాలి. సరిగ్గా ఆ వయసులోనే పిల్లల చేతికి కూలి డబ్బులు రావడం మొదలవుతుంది. ఈ మూడూ ఒకేసారి వచ్చి పడతాయి. ఊళ్లో ఎవరినైనా కాపాడుకోవాలనుకుంటే ముందు ఎనిమిది నుంచి తొమ్మిదిలోకి వెళ్లే పిల్లల జాబితా రాసుకోండి. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైన పని లేదు.

పేదరికం అందరికీ ఒక్కలా ఉండదని కూడా గుర్తుంచుకోవాలి. 2011 జనాభా లెక్కల్లో దేశ అక్షరాస్యత 73 శాతం. ఎస్సీల్లో అది 66, ఎస్టీల్లో 59. భూమి లేకపోవడం, తాతల తరం వరకు బడి గడప తొక్కనివ్వకపోవడం, ఊరికి దూరంగా విసిరేసినట్టు ఉండే వాడలు, గూడేలు, ఇవన్నీ ఆ తేడాలో ఉన్నాయి.

అసలు సమస్య తల్లిదండ్రులకు చదువు విలువ తెలియకపోవడమే కదా?

కాదు. ఈ మాట ఎంత ఎక్కువగా వినిపిస్తుందో అంత తప్పు. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి.ఫౌండేషన్ 1990ల మొదట్లో వెట్టిలో, పశువుల వెంట ఉన్న పిల్లలను బడిలో చేర్చే పని మొదలుపెట్టినప్పుడు కూడా చాలామంది ఇదే మాట అన్నారు. పేదవాళ్లు పిల్లల కూలి లేకుండా బతకలేరు, వాళ్లు పంపరు అన్నారు. బడికి, పనికి మధ్య కొన్ని నెలల శిబిరాలు పెట్టి, వెనకబడ్డ చదువు అందించి, ఊరంతటినీ మాట్లాడించేసరికి తల్లిదండ్రులు పంపారు. ఆ పనికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో ఏర్పాటైన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమే తొలి అధ్యక్షురాలు.

తల్లిదండ్రులకు చదువు మీద ఆశ ఉంటుంది. లేనిది బడి మీద నమ్మకం. తమ బిడ్డ ఆరేళ్లు బడికెళ్లి కూడా పేరు తప్ప ఏమీ చదవలేకపోతే ఆ నమ్మకం ఎలా నిలుస్తుంది?

టీసీ లేదు, పుట్టిన తేదీ కాగితం లేదు, ఆధార్ లేదు. బడిలో చేర్చుకోవడం కుదరదంటున్నారు. ఏం చేయాలి?

చేర్చుకోవాల్సిందే. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వయసు రుజువు లేదని అడ్మిషన్ నిరాకరించకూడదు. పాత బడి నుంచి టీసీ రావడం ఆలస్యమైందని ఆపకూడదు. విద్యా సంవత్సరం మొదలైపోయిందని కూడా తిప్పి పంపకూడదు. ఆధార్ విషయంలో 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదు.

మరి ఎందుకు తిప్పి పంపుతారు? చాలాసార్లు ఆన్‌లైన్‌లో పేరు ఎక్కించేటప్పుడు ఖాళీలు వదిలేస్తే సాఫ్ట్‌వేర్ ముందుకు కదలదు. హెడ్మాస్టరుకు అదో తలనొప్పి. అది ఆయన కష్టమే, కాదనను. కానీ ఆ కష్టాన్ని ఏడేళ్ల పిల్ల మోయకూడదు. మీరు ఒక తెల్ల కాగితం మీద "నా బిడ్డను ఫలానా తరగతిలో చేర్చుకోమని కోరాను, ఫలానా కారణంతో చేర్చుకోలేదు" అని రాసి, దాని కింద సంతకం అడగండి. నోటితో "కుదరదు" అన్నవాళ్లు కాగితం మీద అదే మాట రాయడానికి వెనకాడతారు. చాలాచోట్ల అక్కడితోనే పని అయిపోతుంది.

నాలుగేళ్లు బడికి దూరమైన పన్నెండేళ్ల పిల్లను మళ్లీ రెండో తరగతిలో కూర్చోబెడతారా?

లేదు. వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, మిగతా పిల్లలను అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ చెప్పేది ఇదే. 14 ఏళ్లు నిండినా సరే, ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఉచితంగా చదువుకునే హక్కు అలాంటి పిల్లలకు ఉంటుంది. ఆడపిల్లలైతే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఉన్నాయి. 2004లో మొదలైన ఈ హాస్టల్ బడులు ముఖ్యంగా ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కుటుంబాల్లో చదువు ఆగిపోయిన బాలికల కోసమే పెట్టినవి.

మేం ఇటుక బట్టీల పనికి వెళ్తాం. ఏటా ఆరు నెలలు ఊళ్లో ఉండం. పిల్లలను ఏం చేయాలి?

ఈ ప్రశ్నకు తేలికైన జవాబు లేదు. పాలమూరు నుంచి నగరాలకు, ఒడిశాలోని బలంగీర్ వైపు నుంచి తెలంగాణ బట్టీలకు కుటుంబాలు కదులుతూనే ఉన్నాయి. బట్టీ సీజన్ శీతాకాలంలో మొదలై వానాకాలం ముందు ముగుస్తుంది. బడి ఏడాదిలో ముఖ్యమైన భాగం, పరీక్షలతో సహా, అందులోనే పోతుంది.

దారులు రెండు. ఒకటి, పిల్లలను ఊళ్లోనే సీజనల్ హాస్టల్‌లో ఉంచడం. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద వలస ఎక్కువగా ఉన్న మండలాల్లో వీటిని నడుపుతారు. పిల్లలు అదే బడికి వెళ్తారు, రాత్రి అక్కడే ఉంటారు. అమ్మమ్మో నాయనమ్మో ఉన్న ఇళ్లకు ఇది బాగా పనికొస్తుంది. వెళ్లడానికి నెల ముందే ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో అడగాలి, బయల్దేరే రోజు అడిగితే కాదు. రెండోది, పనిచేసే చోటే బడిలో చేర్చడం. ఆ ఊరి బడికి వాళ్లను చేర్చుకోవాల్సిన బాధ్యత ఉంది. భాష వేరైతే చిక్కే. తెలంగాణలో కొన్ని బట్టీల దగ్గర ఒడియా తెలిసిన వాలంటీర్లతో బడులు నడిపారు, అది మంచి పద్ధతి.

ఇంకో సంగతి. అడ్వాన్సు తీసుకున్నాం కాబట్టి పిల్లలు కూడా పని చేయాల్సిందేనని, అప్పు తీరేదాకా కదలొద్దని యజమాని అంటే అది వెట్టి. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం అలాంటి అప్పు రద్దయినట్టే. కలెక్టరుకు, ఆర్డీవోకు వెంటనే చెప్పొచ్చు.

పిల్లలు ఇంటి పనిలో, పొలంలో సాయం చేస్తే కూడా నేరమేనా?

2016లో సవరించిన చట్టం 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదంటుంది. 14 నుంచి 18 ఏళ్ల వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. తప్పు చేసిన యజమానికి 6 నెలల నుంచి 2 ఏళ్ల వరకు జైలు, లేదా 20,000 నుంచి 50,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అయితే ఒక మినహాయింపు ఉంది: బడి అయ్యాక, సెలవుల్లో, సొంత కుటుంబం చేసుకునే ప్రమాదం లేని పనిలో సాయం చేయొచ్చు.

ఈ మినహాయింపు పిల్లలకు మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తోందని నేను గట్టిగా నమ్ముతాను. గద్వాల, నంద్యాల వైపు విత్తన పత్తి చేలల్లో పువ్వుకు పువ్వు క్రాసింగ్ చేయాలి, అంటే చేత్తో పుప్పొడి అంటించాలి. పొద్దున్నే మొదలయ్యే పని అది, ఒక్కరోజు ఆగదు. చిన్న చేతులు, తక్కువ కూలి అని ఆడపిల్లలను దింపుతారు. అడిగితే "మా చేనే, మా పిల్లే" అంటారు. కొన్నిసార్లు నిజమే కూడా, ఎందుకంటే విత్తన కంపెనీకి పండించి ఇచ్చే చిన్న రైతుకు కూలీలను పెట్టుకునే స్తోమత ఉండదు. విత్తనానికి కంపెనీ ఇచ్చే ధర పెరగకుండా పిల్లలు ఆ చేను నుంచి బయటకు రారు. రైతును మాత్రమే తిడితే సరిపోదు.

టీచరు కొడుతున్నారు. కులం పేరు పెట్టి మాట్లాడుతున్నారు. గట్టిగా అడిగితే పిల్లాడి మీద కక్ష కడతారేమోనని భయం.

మీ భయం అర్థమవుతుంది. కొట్టడం, మనసు గాయపడేలా వేధించడం రెండింటినీ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. భోజనానికి వేరుగా కూర్చోబెట్టడం, ఎస్సీ పిల్లలతోనే మరుగుదొడ్లు కడిగించడం, కులం పేరుతో తిట్టడం శిక్షించదగిన నేరాలు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వీటికి వర్తించొచ్చు. వంట చేసేది దళిత మహిళ అని కొందరు పిల్లలను అన్నం తినొద్దని ఇళ్లలో చెప్పడం కూడా ఇక్కడ చెప్పాలి, అది చాలా ఊళ్లలో జరిగింది. అప్పుడు వంటమనిషిని మార్చేసి గొడవ చల్లార్చే హెడ్మాస్టరు కులవివక్షకు తలవంచినట్టే.

ఒంటరిగా వెళ్లకండి. ప్రతి ప్రభుత్వ బడికీ పాఠశాల యాజమాన్య కమిటీ ఉంటుంది. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఆ కమిటీలో ఉన్న ఇద్దరు తల్లులను వెంటబెట్టుకుని వెళ్లండి. ఐదుగురు కలిసి అడిగినప్పుడు ఒక్క పిల్లాడి మీద కక్ష తీర్చుకోవడం కష్టం.

లైంగిక వేధింపు అయితే కమిటీలో మాట్లాడుకుని సర్దుకునే విషయం కాదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పి తీరాలి. బడి పరువు పోతుందని దాచిన పెద్దకు కూడా జైలు శిక్ష ఉంది. పిల్ల పేరు, ఫోటో, ఊరు బయటపెట్టకూడదు. వాంగ్మూలం పిల్ల ఇంట్లోనో తను కోరుకున్న చోటో, యూనిఫాం లేకుండా తీసుకోవాలి.

మా పక్కింట్లో పదో తరగతి చదివే అమ్మాయికి పెళ్లి పెట్టారు. ఆపితే ఊళ్లో గొడవ. ఏం చేయాలి?

1098కు ఫోన్ చేయండి. పగలైనా రాత్రయినా పనిచేసే బాలల హెల్ప్‌లైన్ అది. బాల్య వివాహాల నిషేధ అధికారులు ఉంటారు, పోలీసులు ఉంటారు. మెజిస్ట్రేటు ముందుగానే పెళ్లి ఆపమని ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఆ ఉత్తర్వు ఉండగా చేసిన పెళ్లి చెల్లదు. 2006 నాటి చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. చేసినవాళ్లకు, చేయించినవాళ్లకు 2 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా.

ఇది అరుదైన సంగతి అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20-24 ఏళ్ల మహిళల్లో 18 నిండకముందే పెళ్లయినవారు దేశంలో 23.3 శాతం, తెలంగాణలో 23.5, ఆంధ్రప్రదేశ్‌లో 29.3. మనం చదువుకున్న రాష్ట్రాలం అనుకుంటాం, కానీ ఆంధ్రప్రదేశ్ దేశ సగటు కన్నా వెనకే ఉంది.

పెళ్లి ఆపడంతో పని సగమే అయింది. ఆగిన పెళ్లి మూడు నెలలకు వేరే ఊళ్లో చుట్టాల ఇంట్లో జరిగిపోవచ్చు. తల్లిదండ్రులు ఎందుకు తొందరపడ్డారో కనుక్కోండి. "హైస్కూలు దూరం, దారిలో అబ్బాయిలు ఏడిపిస్తున్నారు, మేమిద్దరం పనికి పోతే ఇంట్లో ఒక్కతే ఉంటుంది" అనే మాటే ఎక్కువగా వస్తుంది. పిల్లకు హాస్టల్ సీటు దొరికితే ఆ భయంలో చాలా భాగం తగ్గుతుంది. కాబట్టి కౌన్సెలింగ్ ఇచ్చి వెళ్లిపోయే అధికారి కన్నా, వారంలోపు గురుకులంలోనో కస్తూర్బాలోనో సీటు ఇప్పించే అధికారి ఎక్కువ పెళ్లిళ్లు ఆపుతారు.

పెళ్లి అయిపోయింది. ఇక చేసేదేమీ లేదా?

ఉంది. మేజర్ అయ్యాక రెండేళ్లలోపు, అంటే అమ్మాయికి 20 ఏళ్లు వచ్చేలోపు, ఆ పెళ్లిని రద్దు చేయమని తనే జిల్లా కోర్టును అడగొచ్చు. 18 నిండకముందు సంరక్షకుల ద్వారా అడగొచ్చు. రద్దు కోరుకోకపోయినా చదువు కొనసాగించొచ్చు. పెళ్లయిందనో గర్భవతి అనో చదువు ఆపాలని ఏ చట్టంలోనూ లేదు.

నెలసరి రోజుల్లో మా అమ్మాయి బడికి వెళ్లనంటోంది.

బడిలో నీళ్లు, తలుపు గడియ పడే మరుగుదొడ్డి ఉన్నాయేమో ముందు చూడండి. భవనం ఉండి నీళ్లు లేని మరుగుదొడ్డి లేనట్టే. యాజమాన్య కమిటీ మొదటి తీర్మానంగా దీన్నే రాయించండి.

గూడెం పిల్లలు మూడో తరగతికొచ్చినా తెలుగు చదవలేకపోతున్నారు. చదువు మీద శ్రద్ధ లేదా?

ఇంట్లో కోయో, గోండీయో, సవరో, కువియో మాట్లాడే పిల్లకు బడిలో మొదటిరోజు వినిపించేది తెలియని భాష. మన పిల్లలను ఐదేళ్ల వయసులో కేవలం కన్నడంలో పాఠం చెప్పే గదిలో కూర్చోబెడితే ఏమవుతుందో ఆలోచించండి. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో ఎనిమిది భాషల్లో ఈ పని మొదలైంది: గోండీ, కోయ, కొలామీ, కువి, కొండ, సవర, బంజారా, ఆదివాసీ ఒడియా. తెలుగు లిపిలోనే ఆ భాషల వాచకాలు వచ్చాయి. మొదట సొంత భాషలో అక్షరం, తర్వాత మెల్లగా తెలుగు అన్నది ఆలోచన. మంచి ఆలోచనే, అయితే ఆ భాష వచ్చిన టీచరు బదిలీ అయిపోతే వాచకం బీరువాలోకి వెళ్లిపోతుంది. ఆ గూడెం నుంచే చదువుకున్న యువతీ యువకులను విద్యా వాలంటీర్లుగా పెట్టడం తప్ప దీనికి మరో మార్గం నాకు కనిపించదు. ఐటీడీఏను (గిరిజనాభివృద్ధి సంస్థను) ఊరి తీర్మానంతో అడగొచ్చు.

మా బాబుకు వినికిడి లోపం. మామూలు బడిలో చేర్చుకోవడం కుదరదంటున్నారు.

అలా అనే హక్కు లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు, దగ్గరలోని బడిలోనో ప్రత్యేక బడిలోనో, ఏది కావాలంటే అక్కడ ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. పరీక్షల్లో రాసిపెట్టే మనిషిని తెచ్చుకోవచ్చు, గంటకు 20 నిమిషాలు అదనపు సమయం అడగొచ్చు. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు వీరికి కేటాయించాలి. వీటన్నిటికీ తాళం చెవి వైకల్య ధ్రువపత్రం (సదరం/యూడీఐడీ). బడిలో చేరాక తీసుకోవచ్చులే అనుకోకండి, శిబిరం తేదీ దొరకడానికే సమయం పడుతుంది.

ఆయన చనిపోయారు. ముగ్గురు పిల్లలు. పెద్దవాడిని పనిలో పెట్టక తప్పట్లేదు.

అమ్మా, పెట్టేముందు ఒక్కసారి జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఆఫీసుకు వెళ్లండి. మిషన్ వాత్సల్య పథకం కింద స్పాన్సర్‌షిప్ అని ఉంది. భర్త చనిపోయిన, వదిలేసిన తల్లి దగ్గర ఉన్న పిల్లలకు, ఎవరూ లేక బంధువుల దగ్గర పెరుగుతున్న పిల్లలకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు మించకూడదు. భర్త మరణ ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, పిల్లల పేరున బ్యాంకు ఖాతా సిద్ధం చేసుకోండి. డబ్బు వెంటనే రాకపోవచ్చు, పథకంలో ఎంతమందికి ఇవ్వాలన్న పరిమితీ ఉంది. అయినా ఈ పథకం ఉందనే చాలామందికి తెలియదు. వితంతు పింఛను కూడా విడిగా అడగండి, ఒకటి ఉందని రెండోది వదులుకోకండి.

ఎనిమిదో తరగతిలో ఉండగా రాసే స్కాలర్‌షిప్ పరీక్ష ఏమిటి?

నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలు రాయొచ్చు. గురుకులాల్లాంటి రెసిడెన్షియల్ బడుల పిల్లలకు ఉండదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు ఏటా 12,000 రూపాయలు. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. పిల్లలు జారిపోయేది తొమ్మిదో తరగతిలోనే అని మొదట చెప్పాను కదా, సరిగ్గా అక్కడే అందే డబ్బు ఇది. ఇంత మంచి పరీక్షకు కొన్ని బడుల నుంచి ఒక్క దరఖాస్తు కూడా వెళ్లదంటే బాధగా ఉంటుంది. టీచర్లకు నా విన్నపం: ఆదాయ, కుల ధ్రువపత్రాలు ఏడో తరగతిలోనే తీయించి పెట్టండి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపేసింది. ఉద్యోగానికి గడువు దగ్గరపడింది.

డిగ్రీ అయిపోయిన వేలమంది పిల్లల టెన్షన్ ఇదే. ప్రభుత్వం కాలేజీకి కట్టాల్సిన బాకీకి విద్యార్థి సర్టిఫికెట్లు తాకట్టు పడుతున్నాయి. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2018 అక్టోబరులోనే చెప్పింది: ఒరిజినల్స్ పరిశీలించి వెంటనే తిరిగివ్వాలి, కాలేజీలో పెట్టుకోకూడదు. కాబట్టి ముందు ప్రిన్సిపాల్‌కు లిఖితపూర్వకంగా అడగండి, ఆ కాపీతో యూనివర్సిటీ రిజిస్ట్రారుకు రాయండి. యూనివర్సిటీ విద్యార్థుల ఫిర్యాదుల కోసం నియమించే అంబుడ్స్‌పర్సన్‌కు కూడా పంపొచ్చు. జిల్లా సంక్షేమ అధికారి దగ్గర మీ ఫీజు మంజూరై పెండింగ్‌లో ఉందని రాయించుకుంటే చాలా కాలేజీలు మెత్తబడతాయి.

మీరే కట్టేస్తే తర్వాత ప్రభుత్వం నుంచి రాగానే తిరిగిస్తామని కాలేజీ అంటే, ఆ మాట రసీదు మీద రాయించుకోకుండా డబ్బు ఇవ్వకండి. వడ్డీకి తెచ్చి కట్టిన తల్లిదండ్రులు ఆ డబ్బు కోసం కాలేజీ చుట్టూ తిరగడం చూస్తూనే ఉన్నాం.

ఇంట్లో మొదటిసారి కాలేజీకి వచ్చింది నేనే. ఇంగ్లిష్ రాదు, అందరూ వేరేగా చూస్తున్నట్టు ఉంటుంది. నేను ఇక్కడికి తగనా?

మీరు పోటీలో నెగ్గే ఇక్కడికి వచ్చారు. రిజర్వేషన్ ద్వారా వచ్చినా అది మీ రాజ్యాంగ హక్కు, ఎవరి దయా కాదు. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు మొదటి రెండు సెమిస్టర్లు ఇంగ్లిష్ లెక్చర్లు కష్టంగానే ఉంటాయి, అది తెలివికి సంబంధించిన విషయం కాదు. మీలాగే వచ్చిన సీనియర్లను వెతకండి. నోట్సు, పాత ప్రశ్నపత్రాలు, ఏ ప్రొఫెసర్ ఓపికగా చెబుతారు అన్న సమాచారం వాళ్ల దగ్గరే దొరుకుతుంది.

ర్యాంకు అడిగి, కులం ఆరా తీసి వెటకారం చేయడం వివక్షే. ర్యాగింగ్ రూపంలో ఉంటే 1800-180-5522కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. ప్రతి విద్యాసంస్థలో ఎస్సీ, ఎస్టీ సెల్ ఉండాలి. దానికి మెయిల్ ద్వారా ఫిర్యాదు ఇవ్వండి, తేదీ రికార్డులో ఉంటుంది.

ఇంటర్ ఒత్తిడి తట్టుకోలేకపోతున్నాను. బతకాలని లేదు.

ఇప్పుడే ఎవరితోనైనా మాట్లాడు. 14416 టెలీ మానస్, ఉచితం, రాత్రి పగలు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. పక్కన అన్నయ్యో అక్కో స్నేహితుడో ఉంటే ఈ వాక్యం వాళ్లకు చూపించు. ఒంటరిగా ఉండకు. ఈ బాధ తగ్గుతుంది, దానికి సాయం ఉంది.

తల్లిదండ్రులకు, కాలేజీలకు వేరుగా చెప్పాలి. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణం మీద నడిచిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందు అవమానించడం ఆపాలి. మీ పిల్లలు చదివే కార్పొరేట్ కాలేజీలో కౌన్సెలర్ ఎవరో, ఏ గదిలో ఉంటారో అడిగారా? ఫీజు కట్టే రోజే అడగండి.

పదో తరగతి ఫెయిలయ్యాడు. ఇక చదువు రాదని మానిపించాం.

ఒకటి రెండు సబ్జెక్టులు పోతే సప్లిమెంటరీ పరీక్షలు కొద్ది వారాల్లోనే ఉంటాయి. అదీ కుదరకపోతే ఓపెన్ స్కూలు ఉంది. 14 ఏళ్లు నిండితే పదో తరగతికి, 15 నిండి పది పాసైతే ఇంటర్‌కు చేరొచ్చు. పని చేసుకుంటూ చదవొచ్చు. ఆ సర్టిఫికెట్‌తో డిగ్రీకి, ఉద్యోగాలకు వెళ్లొచ్చు.

ఇన్ని హక్కులు ఉన్నాయంటున్నారు. అడిగితే ఎవరూ పట్టించుకోరు. ఎక్కడ మొదలుపెట్టాలి?

నోటిమాటతో కాదు, కాగితంతో. బడిలో పరిష్కారం కాకపోతే ఎంఈవోకు, తర్వాత డీఈవోకు (జిల్లా విద్యాధికారికి). సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ఫిర్యాదుల కార్యక్రమంలో ఇస్తే నంబరు వేసి రసీదు ఇస్తారు. నెల దాటినా కదలిక లేకపోతే "ఫలానా తేదీన ఇచ్చిన నా దరఖాస్తు మీద ఏం చర్య తీసుకున్నారు, ఎవరి దగ్గర ఎన్ని రోజులు ఉంది" అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖ దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు.

లాయరు ఖర్చుకు భయపడొద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వమే ఉచితంగా లాయరును ఇస్తుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ఫోన్ నంబరు 15100.

మాకు ఉద్యోగాలున్నాయి, సమయం తక్కువ. మావంతుగా ఏం చేయగలం?

పుట్టినరోజుకు బడిలో నోటుపుస్తకాలు పంచడం కన్నా ఎక్కువ మేలు చేసేవి ఉన్నాయి. సగం రోజు సెలవు పెట్టి ఒక తల్లితో కలిసి మీసేవకో సచివాలయానికో వెళ్లండి. ఆధార్‌లో పేరు ఒకలా, బడి రిజిస్టరులో ఇంకోలా ఉంటే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, ఆ తప్పు దిద్దించండి. వాడకం లేక ఆగిపోయిన బ్యాంకు ఖాతాను మళ్లీ తెరిపించండి. చదువుకున్న మనిషి పక్కన నిలబడితే కౌంటరులో ఉన్నవాళ్లు మాట్లాడే తీరే మారుతుంది. అలా మారాల్సిన అవసరం రావడం అన్యాయమే, కానీ ఆ రోజుకు ఆ పిల్లకు స్కాలర్‌షిప్ పడటం ముఖ్యం. జూన్‌లో బడులు తెరిచిన మొదటి రెండు వారాలు, ఆగస్టు సెప్టెంబరులో స్కాలర్‌షిప్ దరఖాస్తుల కాలం, సంక్రాంతి తర్వాత పిల్లలు తిరిగి బడికి రావాల్సిన వారం: ఈ మూడు సమయాల్లో మీరు ఒక్క పూట ఇచ్చినా పనికొస్తుంది.